నాలుగు లైన్లు

పేపర్లో పేరు చూసుకోవాలని లేని మనిషి ఈ భూప్రపంచంలో ఉన్నాడంటే నేను నమ్మను. ఓణీల ఫంక్షన్ ఫొటో మొదలుకొని పెద్దకర్మ ప్రకటన దాకా మనవాళ్ళకి అచ్చంటే అంత మోజు. నాకు మాత్రం ఆ మోజు నా పేరు కోసం పట్టలేదు. కొందరు ఆడపిల్లల పేర్ల కోసం పట్టింది. పట్టి, రెండేళ్ళపాటు నన్నొకచోట కూచోనివ్వలేదు.

మాది భీమవరానికి దగ్గర్లో ఒక చిన్న పట్నం. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊళ్ళో మాకో కబడ్డీ సంఘం ఉంది. దానికి ప్రెసిడెంటు ఒక రైసుమిల్లు యజమాని. కోశాధికారి మందులషాపాయన. కార్యదర్శిని నేను. కార్యదర్శి అంటే గొప్ప పదవి అనుకునేరు! కోర్టు గీయటానికి సున్నపు బకెట్టు మోసేవాణ్ణీ, పిల్లలకి నిమ్మకాయ నీళ్ళు కలిపేవాణ్ణీ, పెద్దలకి దండలు అందించేవాణ్ణీ కలిపి కార్యదర్శి అంటారు.

ఏటా సంక్రాంతికి మా సంఘం ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎనిమిది జట్లు వస్తాయి. పండక్కి హైదరాబాదు వాళ్ళూ, బెంగుళూరు వాళ్ళూ, ఒకరిద్దరు అమెరికా వాళ్ళూ ఊరు చేరతారు గనక జనం వస్తారని మా ఆశ. జనం రావటం వస్తారు. కాని ఎక్కడికి వస్తారు? మా గ్రౌండుకి అరకిలోమీటరు దూరంలో కోడిపందాల బరి ఉంటుంది. కోర్టులు కూడదన్నా, పోలీసులు మైకులో హెచ్చరించినా, భోగినాటికి అక్కడ షామియానాలు లేస్తాయి. ఇహ మా కబడ్డీ ఎవరికి కావాలి? అటు వెళ్ళేవాళ్ళు కార్లు ఆపుకోటానికి మాత్రం మా గ్రౌండు పనికొస్తుంది.

జనం సంగతి పోనివ్వండి. పేపర్లలోనూ అదే వరస. ఆ మూడురోజులూ జిల్లా పేజీల నిండా కోళ్ళే. డేగ ఎప్పుడు గెలుస్తుంది, నెమలి మీద కాకి ఎల్లా నెగ్గింది, ఏ కోడి బాదంపప్పు తిని పెరిగింది అన్నీ రంగుల బొమ్మలతో సహా వేస్తారు. కోడి కులగోత్రాలు అచ్చయ్యే చోట మా పిల్లల ఇంటిపేరైనా అచ్చు కాలేదన్నది నా బాధ.

ఈ బాధకి మరో మూలం ఉంది. నా చిన్నతనంలో మా ఊరికి పేపరు విజయవాడ నుంచి బస్సులో వచ్చేది. దాంట్లో ఢిల్లీ వార్తలుండేవి, హైదరాబాదు వార్తలుండేవి. మా ఊరి వార్త పడాలంటే ఊరు మునిగిపోవాలి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, తక్కిన పత్రికలూ ఆ బాట పట్టాక, పల్లెటూరి మనిషి పేరు అచ్చులోకి రావటానికి దారి దొరికింది. ఆ దారి విలువ నాకు 2000 సెప్టెంబరులో తెలిసింది. శ్రీకాకుళం జిల్లా పిల్ల కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆవిడే. మర్నాడు పేపర్లో ఆవిడ ఫొటో కత్తిరించి మా స్కూలు నోటీసు బోర్డుకి అంటించాను. అప్పటిదాకా డ్రిల్లు పీరియడంటే కడుపునొప్పి అనే ఆడపిల్లలు ఆ బోర్డు దగ్గర గుంపుగా నిలబడి చూశారు. ఒక పిల్ల నా దగ్గరకొచ్చి, "ఈవిడ కూడా తెలుగమ్మాయేనాండీ?" అనడిగింది. తెలుగు పేపర్లో తెలుగు పేరుని కళ్ళారా చూస్తూ అడిగిన ప్రశ్న అది! అప్పటినుంచీ నాకు పేపరు కత్తిరింపు మీద ఒక విధమైన భక్తి.

సరే, అసలు కథకి వస్తాను.

2023 సంక్రాంతికి మేం పోటీలు ఘనంగా తలపెట్టాం. భోగినాడు ప్రారంభోత్సవం, సంక్రాంతినాడు రాత్రి దీపాల వెలుగులో ఫైనలు. ఆహ్వాన పత్రం మీద ఇరవైముగ్గురు పెద్దల పేర్లు వేయించాం. ఎవరి పేరు పైన వేస్తే ఎవరికి కోపమొస్తుందో అని ప్రూఫు నాలుగుసార్లు తిరగరాశాను. పత్రికలకి పంపే ప్రకటన కూడా నేనే రాశాను. డ్రిల్లు మాస్టర్నైనా నాకు తెలుగు మీద కొంచెం గర్వం ఉంది. "అశేష జనవాహిని నడుమ అంగరంగ వైభవంగా" అని ఎత్తుకుని, ఫుల్‌స్కేపు కాగితం రెండువైపులా నింపేశాను. ప్రెసిడెంటుగారు చదివి, "అద్భుతం మాస్టారూ! నా పేరు మూడుచోట్ల వచ్చింది" అన్నారు.

సంక్రాంతి పొద్దున చీకటితోనే లేచి టీకొట్టు దగ్గరికి పోయి పేపరు తిరగేశాను. మా వార్త పడింది! పన్నెండు లైన్లు. ఎమ్మెల్యేగారు జ్యోతి వెలిగించుట, ఫలానా వారు కొబ్బరికాయ కొట్టుట, ఫలానా వారు శాలువ కప్పుట అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖర్న, "ఈ కార్యక్రమంలో క్రీడాకారిణులు పాల్గొన్నారు" అని ఉంది. పెళ్ళివార్త రాస్తూ "వధువు కూడా హాజరైనది" అన్నట్టుంది!

పోనీ, ఫైనలు వార్తైనా బాగా వస్తుందిలే అనుకున్నాను. ఆ రాత్రి ఫైనలు అద్భుతంగా సాగింది. ఒక పిల్ల, ఆ ఏడు పదో తరగతి, కూతకి వెళ్ళిందంటే ఉత్తచేతుల్తో తిరిగొచ్చేది కాదు. ఆడవాళ్ళ కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అందులో సగంలోకి దూరి, 30 సెకన్లలో ఏడుగురిని తప్పించుకుని రావాలి. ఆ పిల్ల ఒకసారి ముగ్గురు మీద పడితే ముగ్గురినీ ఈడ్చుకుంటూ నడిమి గీత అందుకుంది. నా నలభై ఏళ్ళ అనుభవంలో అల్లాంటి కూత పది చూశానో లేదో. రాత్రి పదిన్నరకి ఫలితం రాసి పంపించి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు టీకొట్టుకి వెళితే పేపరు లేదు. "ఇవాళ పేపరెక్కడిదండీ మాస్టారూ? నిన్న వాళ్ళకి పండగ సెలవు" అన్నాడు కొట్టతను. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. సంక్రాంతినాడు పత్రికాఫీసులకి సెలవనీ, మర్నాడు పేపరు రాదనీ నలభై ఏళ్ళుగా పేపరు చదువుతున్న నాకు తెలియదా? తెలుసు. కాని అది నా ఫైనలుకి తగులుతుందని తోచలేదు. ఆ మర్నాటి పేపర్లో కనుమ పందాలు, ఎడ్లబళ్ళు, అరిసెలు. రెండ్రోజుల నాటి కబడ్డీ ఫలితం ఎవరిక్కావాలి?

తర్వాత జిల్లా సెలక్షన్లొచ్చాయి. ఆ పిల్లని పంపమని వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి నులకమంచం వాల్చి కూచోబెట్టి మర్యాద చేశాడు. అంతా విని, "ఆటలాడితే ఏమొస్తదండీ? కోడి గెలిస్తే పేపర్లో ఏత్తారు. మా పిల్ల గెలిచిందన్నారు. ఏదండీ, ఎక్కడేశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పదో తరగతి కాగానే ఆ పిల్లని ఒక టైలరింగు షాపులో పెట్టారు. పేపర్లో పడి ఉంటే పంపేవాడా అంటే నేను చెప్పలేను. పేదింటి లెక్కలు ఒక్క కాగితం ముక్కతో తేలేవి కావు. కాని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నా చెవిలో గూడు కట్టుకుంది.

ఆ కోపంతో మా ఊరి విలేకరి మీదికి యుద్ధానికి వెళ్ళాను. ఆయన నా పాత విద్యార్థే. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ఆయన ఆఫీసు. నేను వెళ్ళేసరికి ఫోనులో వార్త కొట్టుకుంటున్నాడు. నోటికొచ్చినట్టు దులిపేశాను. పిల్లల నోళ్ళు కొట్టారన్నాను. పెద్దల భజన చేశారన్నాను. ఆయన అంతా విని, నాకు టీ తెప్పించి, ఫోనులో ఏదో వెతికి నా చేతికిచ్చాడు.

"మాస్టారూ, ఇది మీరు పంపిన కాగితమేనాండీ?"

"నాదే!"

"ఆయ్. ఇందులో ఒక్క పిల్ల పేరు చూపించండి."

కళ్ళజోడు సవరించుకుని మొదట్నుంచీ చివరిదాకా చదివాను. వెనకవైపు కూడా చదివాను. పెద్దలు ఇరవైముగ్గురూ ఉన్నారు. ప్రెసిడెంటుగారు మూడుచోట్ల ఉన్నారు. కార్యదర్శిగా నేను రెండుచోట్ల ఉన్నాను. పిల్లలు లేరు. నేను రాసిందే పేపర్లో పడింది! ఆ టీ నాకు గొంతు దిగలేదు.

పాపం, ఆయన నన్ను దెప్పలేదు. ఒకప్పుడు నేను ఆయనకి కబడ్డీ పట్టు నేర్పినట్టే, ఆ సాయంత్రం ఆయన నాకు వార్త పట్టు నేర్పాడు. ఆయన విలేకరి అని ఊరంతా అంటుంది గాని, ఆఫీసు లెక్కల్లో ఉద్యోగి కాడట, కంట్రిబ్యూటరట. నెలజీతం లేదు. అచ్చయిన వార్తని కొలిచి ఇచ్చేదే ఆయన రాబడి. పొద్దుటినుంచీ పంచాయితీ సమావేశం, కాలవలో నీళ్ళు, యాక్సిడెంటు అన్నీ తిరగాలి. సాయంత్రానికి వార్తలు జిల్లా డెస్కుకి పంపాలి. అక్కడ కూచున్న సబ్ఎడిటరు ముందు అన్ని మండలాల వార్తలూ గుట్టగా పడి ఉంటాయి. నా రెండు వైపుల కాగితం విప్పి, అందులో ఫలితం ఎక్కడుందో వెతికే తీరిక ఆయనకి లేదు. పై నాలుగు వాక్యాలు ఉంచుతాడు, కిందిది కోసేస్తాడు. వార్తని ఎప్పుడూ కిందినుంచే కోస్తారట. నేను పిల్లల్ని కిందనైనా పెట్టలేదు!

"ఎవరు గెలిచారు, ఎవరి మీద, ఎన్ని పాయింట్లు. ఇది మొదటి వాక్యం అవ్వాలండి. రెండోది, ఎక్కువ పాయింట్లు తెచ్చిన పిల్ల పేరు, ఇంటిపేరు, స్కూలు, ఊరు. ఇంటిపేరులో వత్తులు సరిచూసి పంపండి. పెద్దల పేర్లు ఆఖర్న. కోసేసినా వాళ్ళ పేర్లు శిలాఫలకాల మీద ఎల్లాగూ ఉంటాయి" అన్నాడు.

ఫొటో సంగతీ చెప్పాడు. వేదిక మీద శాలువాలతో బారుగా నిలబడ్డ పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఒకలాగే ఉంటారట. కూతకెళ్ళిన పిల్ల గాలిలో ఉన్నప్పటి ఫొటో ఒకటి చాలట. దాని కింద ఎవరు ఎవరో రాసి పంపాలి, ఎందుకంటే డెస్కు వాళ్ళు మా ఊరి పిల్లల్ని ఎరగరు. రాత్రి ఫైనలు వద్దన్నాడు. పేజీ కట్టేశాక ఒలింపిక్సు పతకం తెచ్చినా జిల్లా పేజీలో చోటుండదట. అన్నిటికంటే ముఖ్యంగా, పండగ మూడురోజులూ వద్దన్నాడు.

"కోడితో పోటీ పడకండి మాస్టారూ, ఓడిపోతాం. జనవరి 12 వివేకానందుడి పుట్టినరోజు. జాతీయ యువజన దినోత్సవం. అప్పటికి బళ్ళకి సెలవులిచ్చేస్తారు, కోళ్ళు ఇంకా బరిలో దిగవు. ఆ రోజు యువతకి సంబంధించిన వార్త కోసం మా డెస్కే మమ్మల్ని అడుగుతుంది. మీ ఫైనలు ఆ పూట పెట్టుకోండి."

చివర్న తల గోక్కుంటూ, "పండక్కి శుభాకాంక్షల ప్రకటన ఒకటి మీ ప్రెసిడెంటుగారి చేత ఇప్పిస్తే..." అన్నాడు. నాకు మళ్ళీ కోపమొచ్చింది. "అదా సంగతి! ప్రకటనిస్తేనే వార్తా?" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "ప్రకటనివ్వకపోయినా వార్త రాస్తానండి. ఇస్తే నా పని నిలబడుతుంది. ఇన్ని ప్రకటనలు తెమ్మని మాకూ లెక్కలున్నాయి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం కనపడలేదు. మొత్తానికి ప్రకటన ఇప్పించాను. అది మంచి పనో, చెడ్డ పనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

2024 పోటీలకి అన్నీ ఆయన చెప్పినట్టే చేశాం. పైగా కాలం కూడా కలిసొచ్చింది. అంతకు మూడునెలల క్రితం, 2023 అక్టోబరు 7న, చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లల కబడ్డీ జట్టు చైనీస్ తైపీని 26-25తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ క్రీడల్లో అది మన దేశానికి నూరో పతకం. ఆ సంగతి ఒక్క వాక్యంలో కలిపి ముందుగానే చిన్న ప్రకటన పంపాను. పేపర్లో పడింది. ఊళ్ళో కేబుల్ టీవీ అతను తెర అడుగున పరిగెత్తే అక్షరాల్లో వేశాడు. ప్రారంభం రోజున యూట్యూబు ఛానళ్ళ కుర్రాళ్ళు నలుగురు గొట్టాలు పట్టుకొచ్చారు. అప్పుడే కోర్టులోంచి వగరుస్తూ వచ్చిన పిల్ల మూతి దగ్గర గొట్టం పెట్టి ఒకతను, "మీ ఫీలింగ్ ఏంటండీ?" అన్నాడు. "దాహంగా ఉందండీ" అందా పిల్ల. ఆ రెండు రోజుల్లో నేను విన్న ఇంటర్వ్యూలన్నిటిలోకీ సత్యమైనది అదే.

12వ తారీకు పొద్దున తొమ్మిదింటికి ఫైనలు. ఈసారి కూతలో మెరిసింది మరో పిల్ల. తొమ్మిదో తరగతి. సన్నగా, గాలేస్తే పడిపోయేట్టుంటుంది గాని కోర్టులో దిగితే చేపపిల్లలా చేతికి చిక్కదు. ఒక్క ఫైనల్లోనే పద్నాలుగు పాయింట్లు తెచ్చింది. పన్నెండు గంటల కల్లా ఫలితం, పేరు, ఇంటిపేరు, ఊరు, ఫొటో అన్నీ పంపేశాను. నా జన్మలో అంత చక్కని ప్రకటన రాయలేదు. మొత్తం ఏడే ఏడు వాక్యాలు!

మూడుగంటలకి విలేకరి స్వయంగా వచ్చాడు. డెస్కు వాళ్ళకి ఫొటో నచ్చిందట. "ఉత్త ఫలితమైతే నాలుగు లైన్లొస్తుంది మాస్టారూ. పిల్ల వెనక ఏదైనా కథుంటే పావుపేజీ ఇస్తామంటున్నారు, రంగుల్లో" అన్నాడు.

పావుపేజీ! రంగుల్లో! నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ పిల్ల కథ నాకు తెలుసు. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. చేతులు ఐసులో నాని పుండ్లు పడి ఉంటాయి. తండ్రి తాగుతాడు. ఒకసారి తాగొచ్చి ఆ పిల్ల ఆడుకునే బూట్లు అమ్మేశాడు. ఆ బూట్ల సంగతి పిల్ల నాతో చెప్పుకుని ఏడిచింది. నేను అదంతా పూసగుచ్చినట్టు విలేకరికి చెప్పేశాను. ఆయన కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. "చాలండి. రేపు చూడండి" అని వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటుగారికి ఫోను చేసి చెబితే ఆయన ఆనందానికి మేర లేదు.

ఆరుగంటలవేళ గ్రౌండులో జెండాలు విప్పుతుంటే ఆ పిల్ల కనపడింది. కర్రలు ఏరి పక్కన పెడుతోంది. "ఏమే, రేపు నీ ఫొటో ఇంత పెద్దది పడుతుంది పేపర్లో!" అన్నాను చేతులు చాపి. మొహం వెలిగిపోయింది. "నిజంగానాండీ? ఏం రాశారండీ?" అంది. చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆ వెలుగు తగ్గిపోవటం నాకు కనపడుతూనే ఉంది. అయినా చెప్పేశాను.

కాసేపు కర్రతో నేల గీసి, మెల్లిగా అంది. "మా నాన్న పొద్దున్నే టీకొట్టు దగ్గర పేపరు చదివించుకుంటాడండి. అక్కడ అందరూ ఉంటారండి."

నేను మాట్లాడలేదు.

"మా నాన్న తాగుతాడని ఊళ్ళో అందరికీ తెలుసండి. అది మళ్ళీ పేపర్లో రాయటం దేనికండీ? నేను పద్నాలుగు పాయింట్లు తెచ్చానండి. అదెవరికీ తెలీదండి."

ఎండనపడి వచ్చిన పిల్లలకి నీళ్ళిచ్చే ముందు ఊపిరి కుదుటపడనివ్వాలని తెలిసిన మాస్టర్ని. ఒక పిల్ల నమ్మి చెప్పిన మాట పావుపేజీకి అమ్మకూడదని తెలియలేదు. బూట్లమ్మింది వాళ్ళ నాన్న. ఆ బూట్ల కథ అమ్మింది నేను.

మోపెడ్ తీసి బస్టాండుకి పోయాను. విలేకరి జిరాక్సు షాపులో లేడు. ఫోను చేస్తే ఎక్కడో పంచాయితీ గొడవలో ఉన్నాడు. "ఆ కథ ఆపెయ్యి నాయనా" అన్నాను. "అయ్యో! పంపేశాను మాస్టారూ. పేజీలో పెట్టేశారు కూడా. ఇప్పుడు తీయమంటే నన్ను తిడతారండీ" అన్నాడు. పిల్ల అన్నమాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అవతల కొంతసేపు చప్పుడు లేదు. "కనుక్కుంటానండి" అని పెట్టేశాడు.

ఈలోగా ప్రెసిడెంటుగారు ఎల్లాగో తెలుసుకుని ఫోను చేశారు. "మీకేమైనా మతిపోయిందా మాస్టారూ? పావుపేజీ డబ్బిచ్చి కొనాలంటే ఎంతవుతుందో తెలుసా? ఆ పిల్లకే మంచిది కదా! ఎవరైనా దాత చదివి సాయం చేస్తాడేమో!" అన్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. అల్లాంటి కథలు చదివి బూట్లు కొనిచ్చిన మహానుభావులున్నారు, ఫీజులు కట్టినవాళ్ళూ ఉన్నారు. ఒక్క క్షణం నేనూ తటపటాయించాను. కాని సాయం కావాలో వద్దో అడగవలసింది ఆ పిల్లని. ఆ పిల్ల అడిగింది పద్నాలుగు పాయింట్లు. అదే చెప్పాను. ఆయన ఫోను ఠక్కున పెట్టేశారు.

రాత్రి ఎనిమిదిన్నరకి విలేకరి ఫోను చేశాడు. "తీసేశారండి. సబ్ఎడిటరుగారు చాలా విసుక్కున్నారు. పిల్లే వద్దందని చెప్పాక ఇంకేమీ అనలేదు. ఫలితం మాత్రం ఉంచారండి" అన్నాడు. ఆయన లైన్లు కొలిచి డబ్బిస్తారని నాకు గుర్తొచ్చింది. పావుపేజీ రాబడి ఆయన కూడా వదులుకున్నాడు. ఆ సంగతి ఆయన అనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు టీకొట్టు దగ్గర పేపరు విప్పాను. మా వార్త ఉండాల్సిన పావుపేజీలో "బరులు సిద్ధం" అని శీర్షిక పెట్టి, మెడ సాచి నిలబడ్డ డేగపుంజు బొమ్మ వేశారు. దాని కింద, ఒక మూల, మాది. సరిగ్గా నాలుగు లైన్లు. ఎవరు ఎవరి మీద గెలిచారో ఒకటిన్నర లైను. ఆ పిల్ల పేరు, స్కూలు, ఊరు, పద్నాలుగు పాయింట్లు రెండున్నర లైన్లు. పెద్దలు ఒక్కరూ లేరు. ఇంటిపేరులో ఒక వత్తు ఎగిరిపోయింది. నేను సరిగానే పంపాను సుమండీ!

నేను వచ్చేశాక ఆ పిల్ల తండ్రి వచ్చాడట. ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివించుకున్నాడట. ఆ కాగితం ఇవ్వమని అడిగితే, "ఇంకా జనం చదవాలి, సాయంత్రం రా" అన్నాడట కొట్టతను. సాయంత్రం నిజంగానే వచ్చి పట్టుకెళ్ళాడట. ఇది కొట్టతను నాతో చెప్పాడు.

తర్వాత జిల్లా సెలక్షన్లకి ఆ పిల్లని సైకిలు మీద తెచ్చి దింపింది ఆ తండ్రే. తాగటం మానేశాడని రాస్తే ఈ కథకి శోభగా ఉండేది. మానలేదు. కాని ఆ రోజు మాత్రం తాగి రాలేదు. గోడ పక్క నిలబడి చివరిదాకా చూశాడు. పన్నెండుమంది జట్టులో ఆ పిల్లది పన్నెండో పేరు. అయితేనేం, పేరే!

మా ప్రెసిడెంటుగారికి పావుపేజీ బాధ ఇంకా తీరలేదు. కనపడినప్పుడల్లా, "ఈసారైనా మన పేర్లు వచ్చేట్టు చూడండి మాస్టారూ" అంటూనే ఉంటారు. అల్లాగేనండి అంటూనే ఉంటాను. నా మటుకు నేను ప్రకటన రాసేటప్పుడు మొదటి రెండు వాక్యాల్లో పిల్లల పేర్లకి ఖాళీలు వదిలిపెట్టి కూచుంటాను. ఆ పేర్లు వాళ్ళ చేతే రాయించుకుంటాను, వత్తులతో సహా. ఏం రాయమంటావని కూడా అడుగుతాను. పెద్దల పేర్లంటారా? లైన్లు మిగిలితే చూద్దాం!